ఎదుటి పాత్రకు చోటు: అంతర్జాల పాత్రధారణ రచనకు అవధాన, నాటక సంప్రదాయాలు ఇచ్చే ప్రమాణాలు

ఇద్దరు లేదా అంతకు మించిన వ్యక్తులు తలా ఒక పాత్రను స్వీకరించి, వంతులవారీగా రాసుకుంటూ ఒక కథను నడపడమే అంతర్జాల పాత్రధారణ రచన. ఇందులో రంగస్థలం లేదు, ఆహార్యం లేదు, వాచికానికి స్వరం కూడా లేదు; ఉన్నదంతా రాసిన మాటే. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ రూపొందించిన ‘మడ్’ అనే ఆట ఈ రచనకు కంప్యూటరు మీద ఒక ముఖ్యమైన ఆవరణను కల్పించింది. నేడది వాట్సాప్ బృందాలలోనూ, డిస్కార్డ్ వంటి వేదికలలోనూ సాగుతోంది.

ఆటే కదా అని విమర్శ దీనిని పక్కన పెట్టవచ్చు. అవధానాన్ని కూడా సాహితీక్రీడ అనే పిలిచారు. అయినా దాని అంగాలకు లక్షణాలున్నాయి, గుణదోష చర్చ ఉంది. పాత్రధారణ రచన మెరుగుపడాలంటే వర్ణన పెంచాలని, వంతును పొడిగించాలని, భాష దిద్దుకోవాలని చెప్పడం పరిపాటి. ఇవన్నీ ఒంటరి రచయితకు పనికివచ్చే సూచనలు. ఇక్కడ రచయిత ఒంటరి కాడు. అతని పాఠకుడే మరుక్షణంలో రచయిత అవుతాడు. కనుక ఒక వంతు విలువను దాని సొంత సౌందర్యంతో పాటు అది తరువాతి వంతుకు మిగిల్చిన అవకాశాన్ని బట్టి కూడా నిర్ణయించవలసి ఉంటుంది. ఈ ప్రమాణం తెలుగుకు కొత్తది కాదు.

అవధాన విద్యకు జనామోదం తెచ్చిన తిరుపతి వేంకట కవులలో చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి (1870–1950) తూర్పు గోదావరి ప్రాంతపు కడియంలోనూ, దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1920) పశ్చిమాన యండగండిలోనూ జన్మించారు. ఆ రెండు తీరాలనూ కలిపే రేవులలో ఒకటి కొవ్వూరు. ఆంధ్ర గీర్వాణ విద్యాపీఠం వల్ల సంస్కృతాంధ్ర విద్యలకు పేరుపొందిన ఊరు. పద్యాన్ని నలుగురి ఎదుట, నలుగురితో కలిసి కట్టడం ఈ డెల్టాకు అలవాటైన పని.

నిషిద్ధాక్షరిని పరిశీలిస్తే విషయం స్పష్టమవుతుంది. అవధాని ఒక అక్షరం చెబుతాడు. తరువాత రాగలదని తాను ఊహించిన అక్షరాన్ని పృచ్ఛకుడు నిషేధిస్తాడు. ‘శ్రీ’ అనగానే ‘రా’ కూడదంటే అవధాని రాముణ్ణి వదిలి మరో దారి వెతుక్కోవాలి. పద్యం అవధానిదే అయినా దాని నడకను మలచినవాడు పృచ్ఛకుడు. సమర్థుడైన పృచ్ఛకుడు అవధాని మనసులోని పదాన్ని పసిగట్టి అడ్డుపడతాడు. అసమర్థుడు ఎదుటివాడు చెప్పినది వినకుండా ఏదో ఒక అక్షరాన్ని నిషేధిస్తాడు. పాత్రధారణ రచనలోనూ అడ్డంకి దోషం కాదు. వినకుండా వేసిన అడ్డంకి దోషం.

సమస్యాపూరణం మరొక పాఠం చెబుతుంది. అసంబద్ధంగానో అనుచితంగానో తోచే పాదాన్ని పృచ్ఛకుడు ఇస్తాడు. పదవిభాగంతో, శ్లేషతో, క్రమాలంకారంతో, లేదా ఆ మాట అనదగిన పాత్రను సృష్టించి అవధాని దానిని సమర్థిస్తాడు. ఆ మాటను తాగుబోతు నోట పెట్టడమూ, కలగా తేల్చివేయడమూ పూరణలే కాని, సభ వాటిని మెచ్చదు. కారణం సులభం: ఇచ్చిన పాదాన్ని అవి స్వీకరించలేదు, వదిలించుకున్నాయి. తోటి రచయిత తెచ్చిన చిక్కును ‘అదంతా కల’ అనే ఒక్క వాక్యంతో రద్దుచేసే వంతుకు కూడా ఈ తీర్పే వర్తిస్తుంది.

పాత్రధారణ రచయితలు రెండు దోషాలను తరచు పేర్కొంటారు. ఎదుటి పాత్ర చర్యలను, భావాలను తామే రాసివేయడం ‘గాడ్‌మోడింగ్’. పాత్రకు తెలియని విషయాన్ని రచయితకు తెలుసు కనుక పాత్ర చేత వాడించడం ‘మెటాగేమింగ్’. పేర్లు కొత్తవైనా రెండవదానికి సంస్కృత నాట్యశాస్త్రం ఏనాడో ఏర్పాట్లు చేసింది. స్వగతం ప్రేక్షకుడికి వినిపిస్తుంది, తోటి పాత్రకు వినిపించదు. జనాంతికంలో త్రిపతాక హస్తాన్ని అడ్డుపెట్టి ఇద్దరు ఇతరులను తప్పించి మాట్లాడుకుంటారు. అపవారితంలో పక్కకు తిరిగి ఒకరికే రహస్యం చెబుతారు. ఎవరికి ఏది వినిపిస్తుందో నిర్ణయించడమే ఈ మూడింటి ప్రయోజనం. అంతర్జాల రచనలో ఈ గీత చెరిగిపోతుంది. ఎందుకంటే స్వగతాన్ని చదివే ప్రేక్షకుడూ, దానిని వినకూడని పాత్రకు మాటలు రాసేవాడూ ఒక్కరే.

కొవ్వూరు రేవులో ఒక దృశ్యాన్ని ఊహిస్తే ఇది తేటపడుతుంది. కాలం 1974లో రోడ్డు, రైలు వంతెన రాకముందు. ఒక రచయితది పడవవాడు సుబ్బయ్య పాత్ర. మరొకరిది రాత్రివేళ రాజమండ్రి వైపు దాటవలసిన లక్ష్మి పాత్ర. మొదటి రచయిత ఇలా రాశాడనుకోవాలి: ‘సుబ్బయ్యకు అనుమానం వచ్చింది. ఈమె ఇల్లు విడిచి పారిపోతోందని గ్రహించాడు. అతని చూపుకు లక్ష్మి వణికిపోయింది.’ మూడు వాక్యాలలో మూడు నష్టాలున్నాయి. అనుమానం సుబ్బయ్య మనసులోనే ఉంది కనుక లక్ష్మికి అందదు. కథలోని రహస్యం తేలిపోయింది. వణకాలో, నవ్వాలో నిర్ణయించుకునే హక్కు రెండవ రచయితకు పోయింది.

అదే వంతును ఇలా రాయవచ్చు: ‘సుబ్బయ్య గెడ ఇసుకలో దిగేసి నిలబడ్డాడు. “చీకటడ్డాక అవతలొడ్డున ఏం పనండమ్మా? సంచీ బరువుగానే ఉన్నట్టుందే!” అన్నాడు. పడవ తాడు మాత్రం విప్పలేదు.’ ఇందులో అనుమానం అన్న మాట లేదు. దిగేసిన గెడ, సంచీ ప్రస్తావన, విప్పని తాడు ఉన్నాయి. రససిద్ధాంత పరిభాషలో చెప్పాలంటే రచయిత భావాన్ని పేర్కొనలేదు, అనుభావాన్ని చూపాడు. లక్ష్మి అబద్ధం చెప్పవచ్చు, బతిమాలవచ్చు, సంచీని వెనక్కి దాచవచ్చు. అలంకారికులు సహృదయుడి ఆస్వాదన కోసం అనుభావాన్ని చర్చించారు. ఇక్కడ దానికి మరో ప్రయోజనం కలిగింది. ఎదుటి రచయిత పట్టుకోగల పిడి అదే.

పాత్రోచిత భాష విషయంలో ఒక హెచ్చరిక అవసరం. గోదావరి మాట అనగానే ప్రతి వాక్యానికీ ‘ఆయ్’ తగిలించడం సినిమాల వల్ల స్థిరపడిన వెక్కిరింత. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం ప్రహసనాలు రాసేనాటికే పాత్రను బట్టి పలుకు మారాలన్న స్పృహ ఉంది. యాసను అక్షరాల విరుపులో కన్నా మర్యాదవాచకాలలో, ఏ ప్రశ్నను ఎవరిని ఎలా అడగవచ్చునన్న తెలివిలో పట్టుకోవడం మేలు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా ఈ కవుల సంపదలోనే ఉంది. వీరి పాండవోద్యోగ, పాండవ విజయ నాటకాల పద్యాలు తెలుగు రంగస్థలాన్ని దశాబ్దాలపాటు ఏలాయి. రాయబార ఘట్టంలో ఒక్కో పద్యం తనంతట తాను పరిపూర్ణం. నటుడు రాగాన్ని సాగదీస్తాడు, సభ ‘వన్స్ మోర్’ అంటుంది, ఎదుటి నటుడు నిలబడి వేచి ఉంటాడు. ఆ పద్యాల శక్తిని కాదనడం సాధ్యం కాదు. కాని అక్కడ సంభాషణ ఆగి కచేరీ మొదలవుతుందన్నదీ నిజమే. భువనవిజయ రూపకాలలో ఈ జబ్బు మరీ ముదిరింది. కవులు పెద్దన, తిమ్మన, రామకృష్ణుల వేషాలు ధరించి, ఇంటివద్ద సిద్ధం చేసుకున్న పద్యాలను వరుసగా చదివి కూర్చుంటే పాత్ర తలపాగాకే పరిమితమవుతుంది. వికటకవి వేషధారి మరొకరి పద్యానికి అక్కడికక్కడే అడ్డుతగిలినప్పుడు మాత్రం సభలో ప్రాణం లేస్తుంది. అంతర్జాలంలో పేరాల కొద్దీ సాగే అందమైన వంతులు చాలా వరకు ఈ కచేరీ కోవలోనివే.

నాటకరంగం నుంచే ఒక మంచి అలవాటును కూడా గ్రహించవచ్చు. పద్యనాటకంలో కృష్ణపాత్రను ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు నటులు పంచుకోవడం కోస్తాలో మామూలు. కంఠం మారినా పాత్ర మారదు. ముందటి కృష్ణుడు ఇచ్చిన మాటకు తరువాతి కృష్ణుడు కట్టుబడే ఉండాలి. అవధానాంతంలో జరిగే ధారణ కూడా ఇటువంటిదే: మధ్యలో అప్రస్తుత ప్రసంగి ఎంత చెదరగొట్టినా పద్యాలన్నీ తిరిగి అప్పజెప్పవలసిందే. నెలల తరబడి సాగే పాత్రధారణ రచనలో సుబ్బయ్య ఎడమచేతి వాటం, లక్ష్మి సంచీలో ఏముందన్నది ఇద్దరికీ ధారణలో ఉండాలి. అవి జారిపోయిన చోట ఎంత మంచి వాక్యమూ కథను నిలబెట్టలేదు.

కర్తృత్వ సమస్య మిగిలి ఉంది. తిరుపతి శాస్త్రి 1920లో మరణించిన తరువాత కూడా చెళ్లపిళ్ల తన పలు రచనలను జంట పేరుతోనే వెలువరించారు. ఏ పద్యం ఎవరిదన్న ప్రశ్నకు వారు తావివ్వలేదు. పాత్రధారణ రచనలో పాల్గొన్నవారిలో ఒకరు తమ వంతులను మాత్రమే ఏరి, దిద్ది, తమ కథగా ప్రకటించుకోవడం సాంకేతికంగా చాలా తేలిక. అలా ప్రకటించిన పాఠంలో సుబ్బయ్య ప్రశ్న ఉంటుంది, గెడ ఉంటుంది, విప్పని తాడు ఉంటుంది. లక్ష్మి చెప్పిన జవాబు మాత్రం ఉండదు.