అదిమే చేతిలోనే ఎస్ప్రెస్సో

కోదాడలోనైనా, మిర్యాలగూడలోనైనా, మేళ్లచెరువులోనైనా పెళ్లి భోజనాలయ్యాక పందిరి మూల ఒక స్టీలు యంత్రం బుస్సుమంటుంది. ఇన్‌స్టంట్ పొడి, పంచదార గిలక్కొట్టి, పాలను ఆవిరితో పొంగించి, పైన చాక్లెట్ పొడి చల్లి చేతికిస్తారు. ఎస్ప్రెస్సో అంటారు. అక్కడ పొడిని అదిమింది లేదు, ఒత్తిడితో నీటిని దాని గుండా నడిపింది లేదు. తియ్యని పాల నురగకు ఆ గొప్ప పేరు తగిలించడం అన్యాయం. ఎస్ప్రెస్సోను ఎస్ప్రెస్సో చేసేది యంత్రం ఖరీదు కన్నా, పొడి వేసిన గిన్నెను యంత్రానికి బిగించేముందు ఆ పొడిని సమంగా అదిమే ఆ చేతి పనే.

పద్ధతి చెప్పడానికి చిన్నది. అప్పుడే మరపట్టిన సన్నని పొడి 18 గ్రాములు, 93 డిగ్రీలకు అటూఇటూగా వేడినీరు, 9 బార్ల ఒత్తిడి, 25 నుంచి 30 సెకన్లు. కప్పులోకి 36 గ్రాముల చిక్కని ద్రవం దిగాలి. కష్టమంతా నీటి స్వభావంతోనే. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద మడి గట్టుకు ఎలుక బొక్క పడితే నీళ్లన్నీ అటే పోయినట్టు, పొడిలో ఎక్కడ వదులుంటే నీరు అక్కడే దూసుకుపోతుంది. అక్కడి పొడి నుంచి మాడుచేదు దిగుతుంది, మిగతాది పులుపు దగ్గరే ఆగిపోతుంది. రెండు లోపాలూ ఒకే కప్పులో చేరతాయి. అందుకే అదమడానికి ముందే ఉండలు విప్పాలి. సన్నని సూదులతో పొడిని కలియబెట్టే ఉపాయాన్ని 2005లో జాన్ వైస్ ప్రచారంలోకి తెచ్చాడు. ఎంత చవకైన ఉపాయం, ఎంత గొప్ప ఫలితం! 2015 ప్రపంచ బరిస్టా విజేత సాసా సెస్టిక్ పొడిని సమంగా పరిచేందుకు ఏకంగా ఒక పనిముట్టే తయారుచేశాడు. అంతటివాడు పొడి పరచడం మీద అంత బుద్ధి పెట్టాడంటే అది చిన్న విషయం కాదు.

బలంగా నొక్కితేనే మంచి కాఫీ అని చాలామంది నమ్మకం. లెక్క వేరేగా ఉంది. 58 మిల్లీమీటర్ల గిన్నెలో పొడి మీద 9 బార్ల నీరు మోపే భారం సుమారు 240 కిలోలు. చెయ్యి మోపేది పది, పదిహేను కిలోలు. కాబట్టి పొడి గట్టిపడ్డాక ఇంకో అయిదు కిలోలు నొక్కినా ఒరిగేది స్వల్పం; పొడిని అదిమే పనిముట్టు, ట్యాంపర్, ఏ కాస్త పక్కకు ఒరిగినా కప్పంతా పాడవుతుంది. మోచెయ్యి నిటారుగా ట్యాంపర్ పైన ఉండాలి, దాని అడుగు గిన్నె అంచుకు సరిగ్గా అమరాలి. కొన్ని ఇంటి యంత్రాలతో వచ్చే ప్లాస్టిక్ ట్యాంపర్లు గిన్నె కన్నా ఇరుకు; అంచు చుట్టూ అదమని పొడి మిగిలిపోతుంది. అదిమాక గిన్నె పక్కన టకటకా తట్టడం మరీ ఘోరం, కుదిరిన పొడి గోడను వదిలేస్తుంది. బరువైన, చదునైన స్టీలు ట్యాంపర్ ఒక్కటి జీవితాంతం ఉంటుంది.

టూరిన్‌లో 1884లో మొరియొండో, మిలాన్‌లో 1901లో బెజ్జెరా ఆవిరి యంత్రాలకు పేటెంట్లు పొందారు. కానీ కిరీటం అకిల్లే గాజ్జియాదే. ఆయన స్ప్రింగు లీవరు రాకతోనే కప్పు మీద ఆ బంగారు నురగ, క్రెమా నిలిచింది. ఆయన తొలి పేటెంటు 1938 నాటిది. ఇన్‌స్టంట్ పొడి నెస్కెఫే బజారుకొచ్చిందీ ఆ ఏడే. మన పందిళ్లు ఆ రెండో దారినే పట్టాయి.

ఫిల్టర్ కాఫీ ఉండగా ఎస్ప్రెస్సో ఎందుకని అడగవచ్చు. ఆ ఫిల్టర్‌లోనే కాడ ఉన్న చిల్లుల బిళ్లతో పొడిని మెల్లగా అదమడం మన ఇళ్లకు ఏనాటి నుంచో తెలుసు. చేతికి కొత్త విద్యేమీ కాదు. చికోరీ డికాక్షన్‌కు ఇంపు, ఎస్ప్రెస్సోలో మాత్రం గింజ రుచిని కమ్మేస్తుంది. గింజకైతే వెతుక్కోనక్కర లేదు: 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా మనదే. అసలు అడ్డంకి నీళ్లు. సిమెంటు ఫ్యాక్టరీలను పోషించే మేళ్లచెరువు సున్నపురాయి నేలలో బోరునీళ్లు బాయిలర్‌లో గార కట్టిస్తాయి. లవణాలన్నీ తీసేసిన నీళ్లతో రుచి చప్పబడుతుంది. నీటిని పరీక్షించి, గట్టితనం తగ్గించి వాడాలి.

కోదాడ, సూర్యాపేటల్లో కాఫీ దుకాణం పెట్టబోయే యువకులారా, యంత్రం మెరుపు చూసి డబ్బంతా దానికే పోయకండి. ముందు మంచి గ్రైండరు, గిన్నెకు సరిపోయే ట్యాంపర్ కొనండి. పెళ్లి పెద్దలారా, ఆ తియ్యని నురగను పాల కాఫీ అనే పిలవండి.