వేరు కాపురం

తప్పు నాదే. ఆ సెంట్‌ఓఎస్ 7 సర్వర్‌లో పైథాన్ 2.7 ఉంది, నాకేమో 3 కావాలి. ‘పైథాన్’ అని కొట్టినప్పుడల్లా పాతదే పలుకుతోందని విసుగొచ్చి, సిస్టమ్ లింకును కొత్త వెర్షన్ వైపు తిప్పేశాను. కాసేపు హాయిగానే ఉంది. తర్వాత ఏదో ప్యాకేజీ కోసం యమ్‌ని పిలిస్తే సింటాక్స్ ఎర్రర్! యమ్ కూడా పైథాన్ 2లో రాసిన ప్రోగ్రామేనని, ఆ లింకు మీదే బతుకుతోందని అప్పుడు తెలిసింది.

అప్పట్నుంచి ప్రతి ప్రాజెక్టుకూ వేరు కాపురమే. 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి అందుకు పనికొచ్చే వెన్వ్ భాషతోపాటే దొరుకుతోంది. ఒక ఫోల్డర్, అందులో ఆ ప్రాజెక్టు లైబ్రరీలు, అంతే. పాడైతే తుడిచేసి మళ్ళీ కట్టుకోవడమే. (లైబ్రరీల జాబితా రాసిపెట్టుకున్నారో లేదో మాత్రం తుడవక ముందే చూసుకోండి.)

మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, “సార్, వెన్వ్‌లోనే ఉన్నాను కదా, 3.8 రావట్లేదేంటి?” అంది. రాదమ్మా. వెన్వ్ వేరు చేసేది సామాన్లనే, పొయ్యిని కాదు. లినక్స్‌లో చూస్తే దాని లోపలున్న పైథాన్ మామూలుగా ఒట్టి లింకే. ఏ పైథాన్ చేత కట్టిస్తే అదే ఉంటుంది. ఫోల్డర్‌లోని పైవెన్వ్ డాట్ సీఎఫ్‌జీ ఫైలు తెరిస్తే ‘హోమ్’ అనే వరుసలో దాని పుట్టిల్లు కనిపిస్తుంది. 3.8 కావాలంటే పైఎన్వ్ లాంటిదాంతో ముందు 3.8ని మెషీన్‌లోకి తెచ్చుకుని, దాని చేతే వెన్వ్ కట్టించాలి.

“అంత పాతది ఎందుకు సార్, కొత్తది వాడితే పోలా?” అని కూడా అడిగింది. 3.12లో ప్యాకేజీలు కట్టే డిస్ట్‌యుటిల్స్‌ని తీసేశారు. దాన్ని నమ్ముకున్న పాత కోడ్ అక్కడే ఆగిపోతుంది. ఆగితే నయం, కనీసం తెలుస్తుంది. నాకు భయం చప్పుడు చెయ్యని మార్పులంటే. 7ని 2తో భాగించమంటే పైథాన్ 2లో జవాబు 3, పైథాన్ 3లో 3.5. ఎర్రర్ ఉండదు, లెక్క మాత్రం మారిపోతుంది. 2020 జనవరి 1తో 2.7కి మద్దతు ముగిసిందన్న మాట నిజమే. కానీ ఆ తేదీతో పాత బిల్లింగ్ కోడ్ తనంతట తాను మారిపోదుగా!

సాయంత్రం మళ్ళీ వచ్చింది. 3.8 వచ్చేసిందట. పేరు బాగాలేదని ఫోల్డర్ పేరు మార్చిందట, ఇప్పుడు లైబ్రరీలు తెచ్చిపెట్టే పిప్ పలకట్లేదట. లోపలి స్క్రిప్టుల మొదటి వరుసలో పాత చిరునామాయే ఉంటుందని చెప్పాను.

“మరి ఇప్పుడేం చెయ్యను సార్?”

“జాబితా రాసిపెట్టుకున్నావా?”

తలకాయ అడ్డంగా ఊపింది.