ఇద్దరికీ ఒకటే పీట

కాళేశ్వరం వచ్చినవాళ్ల అడుగులు ముందు నది వైపే పడతాయి. వార్ధా, వైన్‌గంగలను కలుపుకొని దిగివచ్చిన ప్రాణహిత గోదావరిలో కలిసేది ఇక్కడే. అవతలి గట్టు మహారాష్ట్ర, సిరోంచ. కంటికి కనబడని సరస్వతినీ లెక్కలో వేసుకొని జనం దీన్ని త్రివేణి సంగమం అంటారు. 2025 మేలో ఇక్కడ సరస్వతి పుష్కరాలు జరిగింది ఆ లెక్కతోనే. ఘాట్‌లో మునిగినవాళ్లు తడి బట్టలతో, చెంబులో నదినీళ్లతో ఊళ్లోని శివుడి గుడి దారి పడతారు.

శిల్పం చూద్దామని వచ్చినవాళ్లకు మొదట కాస్త వెలితిగానే ఉంటుంది. గుడి పనితనం అనగానే మన కళ్లు రామప్పను వెతుకుతాయి మరి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. అక్కడి నల్లరాతి మదనికల ముందు నిలబడితే పూట గడిచిపోతుంది. కాళేశ్వరంలో అంత నగిషీ వెతక్కండి. ఇక్కడి నేర్పు ఉలి పట్టకముందే, నేల మీద నూలు వేసిననాడే కుదిరిపోయింది.

మామూలుగా గర్భగుడికి ఒకటే వాకిలి, ఎదురుగా ఒకటే నంది. కాళేశ్వరంలో నాలుగు దిక్కులా నాలుగు వాకిళ్లు, నాలుగు నందులు. చెప్పుకోవడానికి సులువే కానీ కట్టేవాడికి ఇది చిక్కు. ప్రతి గోడనూ నడుమ తెరిస్తే పై బరువంతా మూలలే మోయాలి. ఆ కష్టానికి ఫలితం భక్తుడికి దక్కింది. ఎటు నుంచి వచ్చినా దొడ్డిదారిన వచ్చినట్టుండదు, అన్నీ తలవాకిళ్లే.

అసలు విశేషం లోపలుంది. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తేశ్వరుడు, శివుడు. ముక్తేశ్వరుణ్ని కొలిచినవాళ్లందరికీ మోక్షం దక్కుతుంటే యముడికి పనే లేకుండా పోయిందట. ఆయన మొర ఆలకించి శివుడు తన పక్కనే చోటిచ్చాడని స్థలపురాణం. అందుకే మొదటి పూజ కాళేశ్వరుడిది.

కథ చెప్పేవాడికి ‘పక్కనే’ అన్న ఒక్క మాట చాలు. రాతిపనివాడికి అక్కడే లెక్క మొదలవుతుంది. లింగం ఒకటైతే పీఠం నడిమధ్య నిలిపితే సరి. రెండైతే ఆ నడిమి చోటు ఎవరికివ్వాలి? ఒకరికిస్తే రెండోవారు చుట్టపుచూపుగా వచ్చినట్టుంటుంది. వేరువేరు పీటలు వేస్తే కథే చెడుతుంది. ఆ శిల్పి నడిమి చోటు ఎవరికీ ఇవ్వకుండా, ఒకే పీట మీద ఇద్దరినీ కూర్చోబెట్టాడు. మొక్కడానికి వంగినవాడు ఇద్దరికీ కలిపే వంగాలి.

ఇంకాస్త దగ్గరగా చూస్తే ముక్తేశ్వర లింగానికి రెండు రంధ్రాలు కనిపిస్తాయి. వాటిని నాసికా రంధ్రాలంటారు. మిగతా గుళ్లలో అభిషేక జలం లింగం మీది నుంచి జారి, పానవట్టంలో చేరి, సోమసూత్రం గుండా కళ్లెదుటే బయటికి పోతుంది. ఇక్కడ రంధ్రంలో పోసిన నీళ్లు ఎంత పోసినా పైకి రావని, నేల కింది దారిన సంగమంలో కలుస్తాయని భక్తుల నమ్మకం.

ఆ నమ్మకంతోనే ఘాట్ నుంచి చెంబు మోసుకొచ్చిన ముసలమ్మ వంగి, ధార తెగకుండా నీళ్లు పోస్తుంది. చెంబు ఖాళీ అయినా చెవి అటే పెట్టి, కాసేపు ఆగి గానీ లేవదు.