కొండచరియపై వన మహోత్సవము - ఒక విమర్శ

కృష్ణా మెట్టలో వర్షము తొలకరితో వచ్చును గాని, నమ్మకముగ వచ్చునది కాదు. మునేటి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలు మొదలుకొని జగ్గయ్యపేట, నందిగామల వరకు వ్యాపించిన ఈ భాగమున పల్లమున నల్లరేగడి, మెరకన ఎఱ్ఱనేల, గుట్టలపై రాతిమీద జానెడు మన్ను. 2022 ఏప్రిల్ నుండి ఈ ప్రాంతము ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినను నేల స్వభావము మారలేదు. వర్షములో అధిక భాగము జూన్, అక్టోబరు నెలల నడుమనే కురిసిపోవును. తరువాత ఏడు మాసములు గుట్టమీది మొక్కకు ఆకాశమునుండి వచ్చునది అత్యల్పము. మే నెలలో ఎండ 45 డిగ్రీల సెంటీగ్రేడు దాక పోవుట వింత కాదు. ఇట్టి చరియలమీదికి బడిపిల్లలను వరుసలుగ నడిపించి మొక్కలు నాటించుట రాష్ట్రమున అనేక చోట్ల ఒక ఆచారమై పోయినది. ఆ ఆచారము ఎంతవరకు శాస్త్రీయమో పరిశీలించుట అవసరము.

1950 సంవత్సరమున కేంద్ర ఆహార, వ్యవసాయ శాఖామంత్రి కె.ఎం.మున్షీ జూలై మొదటి వారమును వన మహోత్సవముగ దేశమంతట జరిపించిరి. ఉద్దేశము ఉత్తమమైనది. అడవి అనగా సర్కారు సొత్తు అను భావము పోయి, జనులు చెట్టును తమదిగ తలచుటకు ఒక పండుగ కావలసియుండెను. పండుగకు తేదీ ఉండవలెను. చిక్కు అక్కడనే మొదలైనది. మొక్కకు తేదీతో పని లేదు, నేలలోని తడితో పని. జూలై మొదటి వారమునాటికి కొన్ని ఏండ్లలో ఈ మెట్టలో పైపొర మాత్రమే తడిసియుండును, రెండు బెత్తెల క్రింద మన్ను పొడిగనే యుండును. గడ్డపారతో ఒక్కచోట మోకాటిలోతు త్రవ్వి, అడుగు మన్నును పిడికిట పట్టి చూచినచో తెలియును. ఉండ కట్టిన నాటవచ్చును, రాలిపోయిన ఆగవలెను. ఈ చిన్న పరీక్ష ఏ రైతుబిడ్డకైనను తెలిసినదే. కాని ఆహ్వానపత్రము ముందుగనే అచ్చైపోవుటచేత దాని నెవరును చేయరు.

ఇక గొయ్యి సంగతి. రాతినేలలో మొక్కకు కనీసము 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు గల గొయ్యి కావలెనని అటవీశాస్త్ర గ్రంథములు చెప్పును. దాని ఘనపరిమాణము సుమారు 91 లీటర్లు. లీటరు మన్ను ఒకటిన్నర కిలో తూగుననుకొన్నను, ఒక్క గోతినుండి వెలికి తీయవలసినది 130 కిలోలకు మించును. అందులో రాళ్లు వేరు. పదేండ్ల పిల్లవాడు ఇంత మన్ను ఎత్తలేడు, ఎత్తించుట న్యాయమును కాదు. కాబట్టి జరుగునది రెండింటిలో ఒకటి. పెద్దలు ముందుగనే గోతులు త్రవ్వియుంచవలెను, లేదా పిల్లలు జానెడు గుంత గిల్లి అందులో మొక్కను దిగవేయవలెను. మొదటిది జరిగినచోట మొక్కలు కొన్నియైనను నిలుచును. రెండవది జరిగినచోట ఛాయాచిత్రము మాత్రము నిలుచును.

మొక్క చచ్చుటకు కారణము దాని శరీరములోనే కనిపించును. నర్సరీలో దినమునకు రెండుమారులు నీరు త్రాగిన మొక్కకు ఆకులు విస్తారము, వేరు అల్పము. ప్లాస్టిక్ సంచి అడుగును తాకిన వేరు క్రిందికి పోలేక చుట్టలు చుట్టుకొనును. అట్టి మొక్కను గుట్టమీద నాటినపుడు ఆకులు ఎప్పటివలెనే నీటిని ఆవిరిగ విడుచుచుండును. ఆ నీటిని తెచ్చి యీయవలసిన సన్నని వేరుకేశములు మాత్రము సంచినుండి తీయుటలోనే చాలవరకు తెగిపోయియుండును. ఆదాయము లేక వ్యయము సాగుచున్న సంసారము వంటిదది. చుట్టుకొన్న వేళ్లను పదునైన కత్తితో రెండువైపుల నిలువుగ కోసి, అడుగున అంగుళము తీసివేసినచో క్రొత్త వేళ్లు నేరుగ క్రిందికి పోవును. ఈ పని పిల్లలకు చూపింపదగినది, కాని కత్తి మాత్రము ఉపాధ్యాయుని చేతిలో ఉండవలెను. సంచిని తీయకయే నాటిన మొక్కలు కూడ గుట్టలపై కనిపించుట విచారకరము. తరువాత నీరు పోయుట. 500 మొక్కలకు ఒక్కొక్క దానికి 10 లీటర్ల చొప్పున ఒక్క తడి ఇచ్చుటకే 5,000 లీటర్లు, అనగా 5 టన్నుల బరువు చరియ యెక్కవలెను. దీనికంటె చరియకు అడ్డముగ సమాన ఎత్తున కందకములు త్రవ్వి, కురిసిన వాననే అక్కడ నిలుపుట చౌక, మేలు.

ఏ మొక్క నాటవలెనను ప్రశ్న మరింత ముఖ్యమైనది. సాధారణముగ పిల్లల చేతికి వచ్చునవి కానుగ, వేప, గ్లిరిసీడియా. ఇవి చెడ్డవి కావు. గ్లిరిసీడియా మధ్య అమెరికానుండి వచ్చినను, దాని ఆకు పొలమునకు మంచి పచ్చిరొట్ట. కాని వీని ఎంపికకు తొలి కారణము గుట్ట అవసరము కాదు, నర్సరీ సౌకర్యము. సులభముగ మొలచునవే సంచులకెక్కును. దీనికి కొండపల్లి కొండలే నిదర్శనము. అక్కడి బొమ్మలు చేయువారికి కావలసినది తెల్లపొణికి చెట్టు. దాని కఱ్ఱ తేలికగ, మెత్తగ ఉండి ఉలికి వెన్నవలె లొంగును. శతాబ్దములుగ ఆ వృత్తి దానిపైననే నిలిచినది. నేడు ఆ కఱ్ఱ దొరకుట కష్టమైనదని పనివారు వాపోవుచున్నారు. పొణికి గింజకు దళసరియైన గట్టి పెంకు ఉండుటచే మొలకెత్తుట బహు తక్కువ. పెంకు తొలగించి, తగిన ఉపచారము చేసిననేగాని ఆశించినన్ని మొలకలు రావు. అంత శ్రమ పడి పెంచిన నూరు పొణికి మొక్కలు ఆ కొండలకు చేయు మేలు, శ్రమ లేక పెంచిన పదివేల కానుగ మొక్కలు చేయజాలవు. ఈ పక్కనుండి పెంకు తీయుట, గింజ నానబెట్టుట, మొలకలు లెక్కించుట హైస్కూలు ప్రయోగశాలలో కూర్చుండి చేయదగిన పనులే. పిల్లలచేత కొండకు మేలు చేయింపదలచినవారు వారిని కొండ యెక్కించుటకు ముందు గింజతో పరిచయము చేయవలెను.

అన్నిటికంటె పెద్ద నష్టము కంటికి కనిపించనిది. మొక్కలు నాటుటకు ముందు చరియను 'శుభ్రము' చేయుదురు. పొదలు కొట్టుదురు, మోళ్లు పెకలించుదురు. ఆ పొదలు తుప్పలు కావు, అనేక చోట్ల అవియే అడవి. ఎండుటాకు అడవులలోని చండ్ర, బిల్లుడు, తునికి వంటి చెట్లను గొడ్డలి, మేక, నిప్పు ఎన్నిసారులు తినివేసినను, క్రింది వేరు చావదు. ఏటేట చిగుర్లు పెట్టి మరల మోడగుచుండును. తునికి వేళ్లనుండియే పిలకలు వేయునది. పైకి మోకాటియెత్తు కనిపించు పొదకు క్రింద అనేక సంవత్సరముల వయస్సు గల వేరు ఉండవచ్చును. నర్సరీ మొక్కకు లేనిది అదియే. దానిని పెకలించి, జానెడు వేరు గల సంచి మొక్కను అక్కడ పెట్టుట ఎట్టి వ్యాపారమో పాఠకులే ఊహింపవచ్చును.

ఆఫ్రికాలోని నైజర్ దేశమున టోనీ రినాడో అను ఆస్ట్రేలియా దేశీయుడు మొదట ఇట్లే మొక్కలు నాటించి, అవి చచ్చుటచే విసిగిపోయెను. 1983 ప్రాంతమున ఒకనాడు దారిలో ఒక పొద ఆకును పరికించి, అది నరికిన చెట్టు మోడునుండి వచ్చిన చిగురని గుర్తించెను. అప్పటినుండి రైతులచేత మోడుకు రెండు మూడు బలమైన కొమ్మలుంచి మిగిలినవి కత్తిరించుట, వానిని పశువులనుండి కాపాడుట మాత్రమే చేయించెను. రెండు దశాబ్దములలో ఆ దేశమున సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి నిలిచినవి. నాటిన మొక్క ఒక్కటియు లేదనదగును. ఆంధ్ర దేశమునకు ఇది పూర్తిగ క్రొత్త కాదు. 1992 నుండి ఏర్పడిన వన సంరక్షణ సమితులు మేతను, నరుకుడును ఆపినచోట్ల మోళ్లే చెట్లై లేచినవి.

సంఖ్యల మోజు ఈ విషయమును మరుగుపరచినది. 2016 జూలై 29న నాటి కృష్ణా జిల్లా నూజివీడు సమీపమున 'వనం-మనం' కార్యక్రమమును ఆరంభించి, ఆ ఒక్క దినముననే రాష్ట్రమంతట కోటి మొక్కలు నాటవలెనని లక్ష్యము పెట్టుకొనిరి. మూడు మీటర్ల ఎడముతో నాటినచో హెక్టారుకు 1,111 మొక్కలు పట్టును. కోటికి సుమారు 9,000 హెక్టార్లు కావలెను. అంత నేలను ఒక్క పగటిలో నాటుట సాధ్యమే కావచ్చును గాని, తరువాతి మే నెలలో దానిని కాచుటకు ఎంతమంది కావలెనో లెక్క వేసినవారు అరుదు. ఇది ఒక్క ఆంధ్రదేశపు బలహీనత కాదు. 2019 నవంబరు 11న టర్కీ దేశమున ఒక్కనాడు 1 కోటి 10 లక్షల మొక్కలు నాటిరి. కొద్ది మాసములకే వానిలో అత్యధిక భాగము ఎండినవని అటవీ ఉద్యోగుల సంఘము, కాదు బ్రతికియున్నవని ప్రభుత్వము వాదులాడుకొనిరి. హిమాచల ప్రదేశమునందలి కాంగ్రా జిల్లాలో దశాబ్దములుగ నాటిన తోటలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2021లో 'నేచర్ సస్టెయినబిలిటీ' పత్రికయందు ప్రకటించిన ఫలితము మరింత ఆలోచింపదగినది. సగటున చూడగా, ఆ నాటుడువలన దట్టమైన అడవి విస్తీర్ణము పెరిగినట్లు ఆధారము లభింపలేదు.

వేదికలమీద వినవచ్చు మరియొక మాట కూడ సరిచూడవలెను. 2023 జూలైలో మునేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరమున జాతీయ రహదారిమీదికి వచ్చినది. 2024 సెప్టెంబరులో ఖమ్మమును ముంచినది. గుట్టమీద మొక్కలు నాటినచో ఇట్టి వరదలు రావని పిల్లలకు చెప్పుట సత్యము కాదు. మునేటి పరీవాహక ప్రాంతము అధికముగ ఎగువన తెలంగాణములో ఉన్నది. అసాధారణమైన వర్షము కురిసినపుడు ఎంత మంచి అడవినేలయైనను నిండిన పిమ్మట నీటిని విడిచిపెట్టును. చరియమీది చెట్టు చేయగలది చరియమీది మన్నును నిలుపుట, క్రింది చెరువు పూడకుండ కాచుట. అది చిన్న మేలు కాదు. దానిని ఉన్నంతగ చెప్పిన చాలును.

ఇట్లు చెప్పినంత మాత్రమున పిల్లలను కొండకు తీసికొనిపోవుట మానవలెనని కాదు. చేతికి మన్ను అంటిన పిల్లవాడు పాఠము చదివిన పిల్లవానికంటె ఎక్కువ నేర్చును. అయితే ఏమి నేర్చుచున్నాడు? తాను నాటిన మొక్క ఏమైనదో మరుసటి సంవత్సరము ఎవరును అడుగక, మరల అదే గుంతలో మరియొక మొక్కను పెట్టించినచో, అతడు నేర్చునది వృక్షశాస్త్రము కాదు, లెక్కలు వ్రాయు విద్య. పిల్లలు మోసమును పెద్దలకంటె త్వరగ గ్రహింతురు. కెన్యాలో వంగారి మాతాయ్ 1977లో స్థాపించిన హరిత వలయ ఉద్యమమున గ్రామస్త్రీలకు నాటిన మొక్కకు కాక, బ్రతికిన మొక్కకే స్వల్పమైన సొమ్ము చెల్లించుచుండిరి. ఆ ఒక్క నియమముచే లెక్క తనంత తానే సరియైనది.

పెనుగంచిప్రోలు వంటి ఊరి బడికి దీనిని అనువుగ మలచుకొనుట కష్టము కాదు. నలుబదిమంది పిల్లలకు ఐదువందల మొక్కలక్కరలేదు. ఒక్కొక్కరికి ఒక నాటిన మొక్క, దానిప్రక్కనే సహజముగ లేచిన ఒక మోడు చిగురు చాలును. రెండింటికి రేకుముక్కపై అంకె కొట్టి కట్టవలెను. మొక్క చుట్టు మూరెడు వలయములో గడ్డి తీయుట, మోడుకు రెండు కొమ్మలుంచి తక్కినవి కత్తిరించుట, మేకలకు అడ్డముగ ముళ్లకంప వేయుట వారి పనులు. ఆగస్టులోను, డిసెంబరులోను, వేసవి సెలవులకు ముందును కాండము మొదట నేలకు బెత్తెడెత్తున దారము చుట్టి కొలిచి, ఒక నోటు పుస్తకమున వ్రాయవలెను. చచ్చినదానికి చచ్చినదనియే వ్రాసి, వేరు త్రవ్వి చూచి, అది చుట్టుకొన్నదో, చెదలు తిన్నదో, ఎండినదో ప్రక్కన గుర్తింపవలెను. తరగతి మారినపుడు పుస్తకము క్రింది తరగతి పిల్లలకు అప్పగింపవలెను. మూడవ యేట జూన్ నెలలో ఆ పుస్తకము తెరచి, నాటినవానిలో ఎన్ని, మోళ్లలో ఎన్ని నిలిచినవో నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాసిన పిమ్మటనే ఆ సంవత్సరమునకు కావలసిన మొక్కల పట్టిక నర్సరీకి పంపవలెను.