బెజ్జం ఎక్కడో, లాక్ అక్కడ

మూతి నుంచి మందూ గుండూ కూరి చెకుముకి రాయితో పేల్చే పాత రైఫిల్‌ను పక్కనుంచి చూస్తే, లాక్, అంటే నిప్పు పుట్టించే యంత్రాంగం, అమరిక అందం కోసం చేసినట్టే ఉంటుంది. నిజానికి దాని స్థానాన్ని నిర్ణయించేది గొట్టం పక్కన ఉండే ఒక సన్నని బెజ్జం. లాక్ పళ్లెంలో రేగిన మంట ఈ దారినే లోపలి మందును అందుకుంటుంది. దీని వెడల్పు అంగుళంలో సుమారు 16వ వంతు. తుపాకి కట్టే పనిలో సగం ఆలోచన దీని చుట్టూనే తిరుగుతుంది.

18వ శతాబ్దంలో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ప్రాంతంలో, ఎక్కువగా జర్మన్ మూలాలున్న పనివాళ్లు తీర్చిదిద్దిన పొడుగు రైఫిల్‌నే తీసుకుందాం. దాని గొట్టం ఎనిమిది పలకల ఇనుముది, తరచూ 40 అంగుళాలు దాటేది. దాన్ని మూతిదాకా మోసేది మేపుల్ కొయ్య. లాకులను మాత్రం చాలామంది ఇంగ్లండ్, జర్మనీల నుంచి దిగుమతైనవే కొనేవారు. అందుకే పనివాడి చెయ్యి ఎలాంటిదో లాకును చూస్తే తెలియదు, అది కూర్చున్న తీరు చూస్తే తెలుస్తుంది.

ముందు గొట్టం కూర్చోవాలి, మిగతావన్నీ దాని తర్వాతే. మంచి గొట్టం ఒకే లావున్న కడ్డీలా ఉండదు. వెనక లావుగా మొదలై, నడుము దగ్గర సన్నబడి, మూతి దగ్గర మళ్లీ కాస్త విచ్చుకుంటుంది. దీనివల్ల బరువు తగ్గుతుంది, తుపాకి చేతిలో తూగుతుంది. కాని కొయ్యలో తొలిచే గాడి కూడా అదే ఒంపును వెంట్రుకవాసి తేడా లేకుండా అనుసరించాలి. ఇక్కడ అక్కరకొచ్చేది దీపపు మసి. గొట్టం అడుగు పలకలకు మసి పట్టించి, గాడిలో నిటారుగా దించి, అంతే నిటారుగా పైకి తీస్తారు. మసి అంటినచోట కొయ్య ఎత్తుగా ఉందన్నమాట. అక్కడ మాత్రమే ఉలితో పలచగా గీరి మళ్లీ దించుతారు. చివరికి మరకలు అక్కడక్కడా చుక్కల్లా కాకుండా అడుగంతా సమంగా పరుచుకుంటాయి. ఈ ఓపికకు అడ్డదారి లేదు. గాడిని కొంచెం వెడల్పు చేస్తే పని తొందరగా తెములుతుంది గాని, ఆ సందు తుపాకి ఉన్నన్నాళ్లూ కనిపిస్తూనే ఉంటుంది.

గొట్టం వెనక కొనను మరచుట్ల బిరడాతో మూస్తారు. బిరడా నుంచి వెనక్కి సాగిన ఇనుప నాలుక కొయ్య మెడలోకి దిగుతుంది, దాన్ని ఒక మర బిగించి ఉంచుతుంది. పేలినప్పుడు వచ్చే వెనకతన్నును గొట్టం వెనక ముఖమే కొయ్యకు పూర్తిగా ఆని మోయాలి. నాలుక కొస ముందుగా ఆనిందంటే మెడ అక్కడే చీలుతుంది. అందుకని తెలిసిన పనివాడు ఆ కొస వెనక కంటికి ఆనీ ఆననంత ఖాళీ వదులుతాడు. ముందు భాగంలో గొట్టం అడుగున చెవులు అమర్చి, కొయ్యకు అడ్డంగా సన్నని పిన్నులు దించుతారు. చెవుల్లోని రంధ్రాలను నేటి పనివాళ్లు గుండ్రంగా వదలరు, నిలువునా కొంచెం సాగదీస్తారు. తేమకు కొయ్య ఉబ్బినా, ఎండకు కుంచించుకుపోయినా గొట్టం మీద ఒత్తిడి పడకూడదని ఈ జాగ్రత్త.

ఇప్పుడు బెజ్జం చోటు తేలాలి. మూతిలోంచి కడ్డీ దించి, అది బిరడాకు తగిలాక మూతి దగ్గర గుర్తు పెడతారు. కడ్డీని బయటికి తీసి, ఆ గుర్తును మూతికి సరిపెట్టి గొట్టం పక్కన ఆనిస్తే, కడ్డీ కొన ఉన్నచోటే లోపల బిరడా ముఖం ఉన్నట్టు. ఆ గీతకు ఒక్క పిసరు ముందు బెజ్జం రావాలి. లాక్ పళ్లెం నడుమ దానికి ఎదురుగా నిలవాలి. ఎత్తులో బెజ్జం పళ్లెం పై అంచుకు సరిగ్గా ఉండాలి. కిందికి జారితే పళ్లెంలో పోసే మందు, అంటే రంజకం, బెజ్జాన్ని మూసేసి, వత్తిలా కాలుకుంటూ లోపలికి పోతుంది. అంచు మట్టంలో ఉంటే మంట ఒక్క ఉదుటున దూకుతుంది. ట్రిగ్గర్ నొక్కాక గుండు వెళ్లేలోపు ఆలస్యం ఎంత అన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

లాకును కొయ్యలో దించేటప్పుడు ముందు లోపలి భాగాలన్నీ విప్పేసి, వాటిని మోసే పలకను ఒక్కదాన్నే కూర్చోబెడతారు. అది గొట్టం పక్క పలకకు పూర్తిగా ఆనాలి, లేకుంటే సందులోకి రంజకం జారుతుంది. తర్వాత ఒక్కో భాగాన్నీ తిరిగి బిగిస్తూ, దాని మటుకు దానికి గది తొలుస్తారు. చెకుముకి రాయిని పట్టుకునే గుర్రంతో పాటు తిరిగే టంబ్లర్, దాన్ని పట్టి ఆపే పట్టుమీట, పెద్ద స్ప్రింగు... కదిలే ప్రతిదానికీ కదిలేంత చోటు వదలాలి, అంతకు మించి వదలకూడదు. లోపలంతా ఒకే గుంటగా తొలిచేస్తే సులువే, కాని పక్కగోడ బలహీనపడిపోతుంది. లాక్ బిగించాక ఈ గదులను ఎవరూ చూడరు. అయినా వాటి మధ్య కొయ్యను నిలిపి ఉంచిన చేతిపనిని నేను అన్నిటికన్నా ఎక్కువగా మెచ్చుకుంటాను. వర్జీనియాలోని కలోనియల్ విలియమ్స్‌బర్గ్‌లో వాలెస్ గస్లర్ రైఫిల్‌ను పాత పద్ధతిలో చేయడాన్ని 1969 నాటి ‘గన్‌స్మిత్ ఆఫ్ విలియమ్స్‌బర్గ్’ డాక్యుమెంటరీ చూపిస్తుంది. అందులో ఇనుము సాగడం ఎంత అబ్బురమో, కొయ్య తొలిచే చెయ్యి తొందరపడకపోవడమూ అంతే అబ్బురం.

పట్టుమీట చెయ్యి ఆగినచోటును బట్టి ట్రిగ్గర్ చోటు కుదురుతుంది. ట్రిగ్గర్ ఇరుసును ఎత్తుగా, పట్టుమీటకు దగ్గరగా పెడితే వేలికి బరువు తగ్గుతుంది. ఇక ఎదుటి పక్క నుంచి మరలు వచ్చి లాకును పట్టుకోవాలి. ముందు మర దారి మరీ ఇరుకు. పైన గొట్టం, కింద మందు కూరే కడ్డీ తొర్ర. రెండింటి నడుమ మిగిలేది సుమారు అంగుళంలో 8వ వంతు కొయ్యే. తొర్ర ఏమాత్రం పైకి వంగినా మరకు దారి ఉండదు.

మరలు బిగించే ముందు గుర్రాన్ని వేలితో పట్టి వెనక్కీ ముందుకూ నెమ్మదిగా తిప్పి చూస్తారు. బిగించాక మళ్లీ చూస్తారు. రెండోసారి ఏ కాస్త బరువు తగిలినా లోపల ఎక్కడో కొయ్య స్ప్రింగును ఒరుసుకుంటున్నట్టే. లాక్ మళ్లీ బయటికి వస్తుంది, స్ప్రింగుకు మసి పడుతుంది, మరకపడ్డ చోట ఉలి ఇంకొక్క పొర తీస్తుంది.