గబ్బిలము: మహదమహద్విచారము

వినుకొండలో 1895లో జన్మించిన గుఱ్ఱము జాషువాకవి 1941లో వెలువరించిన గబ్బిలము కరుణరసపరముగాఁ బలుమాఱు విమర్శింపఁబడినది. దానిని శబ్దపరముగా నించుక పరిశీలింతము.

కాళిదాసు మేఘమును దూతగాఁ బంపుచు, జడమున కీ పని యెట్లు తగునను శంకను దానే యెత్తి సమాధానము చెప్పెను. జాషువాకవి దూత చేతనమే. కావున నిచటి శంక వేఱు. కథానాయకుఁ డంటరానివాఁడని వెలివేయఁబడినవాఁడు. మదరాసు రాష్ట్రమున 1947 నాటి యాలయప్రవేశశాసనమునకు ఆఱేండ్లు ముందటి కావ్యమిది. వానికి గుడి తలుపులు మూయఁబడినవి. గబ్బిలమో, పూజారి లేనివేళ శివుని చెవిచెంత వ్రేలాడి విన్నపము చేయఁగలదు.

బాలవ్యాకరణమున చిన్నయసూరి స్త్రీలను, తిర్యక్కులను, జడములను విడిచి తక్కినవి మహత్తులనెను. (స్త్రీలను తిర్యక్కులతోఁ జేర్చుట వేఱొక చర్చ.) ఈ విభాగమునఁ గులప్రసక్తి లేదు. పంచముఁడైనను విప్రుఁడైనను "వచ్చినాఁడు", గబ్బిలము "వచ్చినది". వ్యాకరణము మహత్తన్నవానికిఁ బ్రవేశము లేదు, అమహత్తునకుఁ గలదు. కావ్యవ్యథకు మూల మీ వైపరీత్యమే యని నా తలంపు.

ఇది సర్వభాషాసాధారణము గాదు. తూర్పు ఆఫ్రికాయందలి స్వాహిలీలో నామములు పలు గణములు. ఐనను బ్రాణివాచకమైనచోఁ గ్రియకు మనుష్యగణపుఁ జిహ్నమే చేరును. "పోపో" యనఁగా గబ్బిలము. దానికిని మనుష్యునకును నేకవచనమునఁ గ్రియాదిని "అ" యనునదే. ఈ కావ్యము నా భాషలోనికిఁ దెచ్చువాఁడు పై వైపరీత్యమును బ్రత్యయముచేఁ జూపఁజాలఁడు; వాచ్యముగాఁ జెప్పుకొనవలసినదే.

నిషేధవాక్యమును జూడుఁడు. ఉదాహరణములు నావి, కావ్యములోనివి గావు. "వాఁడు గుడికిఁ బోఁడు" అన్నఁ గర్త వాఁడు. పోకుండుట వాని యిచ్ఛయుఁ గావచ్చును. "వాఁడు గుడికిఁ బోరాదు" అన్నచో "రాదు" అమహద్రూపము. మహత్తగు "వాఁడు" క్రియలోఁ దన డువర్ణమును గోలుపోయెను. నిషేధించినవాఁ డెవ్వఁడో వాక్యమునఁ గానరాఁడు! బడులలో మనము "రాదు" నిషేధార్థకమని చెప్పి ముందునకు సాగుదుము, అంతటితోఁ దీఱదు.

ఇఁక సంబోధనము. నాయకుఁడు గబ్బిలముతోనే మాటలాడును గాన మధ్యమపురుషము ప్రధానము. తెనుఁగున మధ్యమపురుషమునకు మహదమహద్భేదము లేదు. మనుష్యునితోనైనను జంతువుతోనైనను "నీవు వచ్చితివి" యనియే. లోకము వానిని గూర్చి మాటలాడును, వానితో మాటలాడదు. గబ్బిలమును "నీవు" అని పిలిచినంతనే వానికి సంభాషణయోగ్యమగు తోడు దొరకినది. వ్యాఖ్యాతలు కావ్యమందలి ప్రథమపురుషక్రియలను వేఱుగా నేఱి, యవి యెవ్వరిని గూర్చి ప్రయుక్తములో చూపిన నీ విషయ మింకను దేటపడఁగలదు.