సందెవెలుగుకు సరిపడు లెన్సు

మహాశివరాత్రినాడు ప్రొద్దు గ్రుంకిన పిమ్మట కోటప్పకొండ దిగువ మైదానమున నిలిచి, చిలకలూరిపేట, నరసరావుపేట పరిసర గ్రామములనుండి తరలివచ్చిన విద్యుత్ప్రభలు వేలకొలది దీపములు దాల్చి త్రికోటేశ్వరుని కొండ కెదురుగా బారులు దీరుట చూచినవారెవ్వరును ఆ దృశ్యమును ఫొటోలో నిలుపుకొనవలెనని కోరకుండ ఉండలేరు. కాని మరునాడు ఆ ఫొటోలను తెరచి చూచుకొనువారిలో పెక్కుమందికి కనబడునవి అలుక్కుపోయిన దీపపు గీతలును, ముఖములు తెలియని జనసమూహమును మాత్రమే. ప్రభ స్వయముగా దీపమయ మగుటచే దానిని చిత్రించుట పెద్ద కష్టము కాదు. దాని మోకులు పట్టి నడచువారి ముఖములను, భుజముపై కూర్చుండి నోరు తెరచి చూచు పసివాని కన్నులను, ఆ దీపముల ప్రతిఫలనమే తప్ప వేరొక వెలుతురు లేనిచోట, పదిగజముల దూరమునుండి తీయుటలో ఉన్నది కష్టమంతయు. అక్కడ కెమెరాకంటె లెన్సు ఎక్కువగా పరీక్షకు గురియగును.

ఇట్టి రాత్రులకు పనికివచ్చు లెన్సును మన స్టూడియోలవారు ‘సెవెంటీ టూ హండ్రెడ్’ అనియు, ఇంకను చనువుగా ‘టూ పాయింట్ ఎయిట్’ అనియు పిలుతురు. 70 మి.మీ. మొదలు 200 మి.మీ. వరకు నాభ్యంతరమును మార్చుకొనుచు, ఆ మార్పులో ఎక్కడను తన కాంతిద్వారమును ఎఫ్ 2.8 కంటె తగ్గించుకొనని లెన్సు అది. కొనబోవువారు దీనిని దూరపు వస్తువును దగ్గరకు తెచ్చు సాధనముగా భావించి, ఎంత దూరము లాగునని మొట్టమొదట అడుగుదురు. దూరమే కావలసినచో దీని ధరలో సగముకంటె తక్కువకే 300 మి.మీ. వరకు లాగు లెన్సులు దొరకును గనుక, ఈ లెన్సుకు వెచ్చించు సొమ్ములో పెద్దపాలు వెలుతురునకు చెల్లించునదే యని ముందుగా తెలిసికొనుట మంచిది. తెలియక కొన్నవారు దానిని పట్టపగలు వాడుచు, బరువు మోయుచు, విసుగుకొనుచుందురు.

లెక్క సులభమైనదే. నాభ్యంతరమును కాంతిద్వారపు వ్యాసముచే భాగింపగా వచ్చిన లబ్ధమే ఎఫ్ సంఖ్య. 200 మి.మీ. వద్ద ఎఫ్ 2.8 కావలెనన్న ద్వారము 71 మి.మీ. వెడల్పుండవలెను, ఎఫ్ 5.6 తో సరిపెట్టుకొన్నచో 36 మి.మీ. చాలును. వ్యాసము రెట్టింపగుటచే వెలుతురు నాలుగింతలగును, కావున చౌక లెన్సుతో షట్టరును 1/50 సెకను తెరచి ఉంచవలసినచోట ఈ లెన్సుతో 1/200 సెకను చాలును. తల త్రిప్పుచున్న మనుష్యుని ముఖము మొదటిదానిలో మసకయగును, రెండవదానిలో నిలుచును. ఇప్పటి లెన్సులలోని స్టెబిలైజేషన్ యంత్రాంగము ఫొటో తీయువాని చేతి వణకును ఎంతయో అణచునుగాని, ఎదుటివాని కదలికపై దానికి అధికారము లేదు. ఆ వెడల్పైన ద్వారమునకు తగిన గాజు కావలెను, గాజునకు బరువు కలదు, బరువునకు ధర కలదు: 2010లో కెనాన్ తెచ్చిన ఈ తరగతి లెన్సులో 23 కటకములు కూర్చబడినవి, బరువు 1,490 గ్రాములు. అదే సంస్థ చేసిన ఎఫ్ 4 లెన్సు 760 గ్రాములే. సగము వెలుతురునకు సగము బరువు, న్యాయమైన బేరమే.

ఈ విద్య ఒక్కనాట పుట్టినది కాదు. 1891 ప్రాంతమున లండనులో థామస్ డాల్‌మేయరును, జర్మనీలో మీథేయు, స్టైన్‌హైలును, ఒకరితో నొకరికి పొత్తు లేకయే, ముందు కుంభాకార కటక సమూహమును వెనుక పుటాకార సమూహమును నిలిపి, నాభ్యంతరముకంటె పొట్టిగా లెన్సును నిర్మించు ఉపాయమును కనుగొనిరి. 35 మి.మీ. ఫిలిము కెమెరాలకు జూము లెన్సు సిద్ధించుటకు మరి ఆరుపదుల యేండ్లకు పైగా పట్టినది. ఫ్రాంక్ బాక్ రూపొందించిన జూమారు 1959లో ఫోయిట్‌లాండరు సంస్థ పేర వెలువడెను. 1980ల తొలినాళ్ల నికాన్ 80-200 ఎఫ్ 2.8 సుమారు రెండు కిలోలు తూగెడిది. కెనాన్ 1995లో 70-200ను, 2001లో చేతి వణకు నణచు యంత్రాంగముతో దానినే తెచ్చినది. 2020లో టామ్రాన్ 180 మి.మీ. వద్ద ఆగి, బరువును 810 గ్రాములకు దింపినది. ఆ ఇరువది మిల్లీమీటర్ల నష్టమును గుర్తుపట్టగలవారు బహు కొద్దిమంది యని నా అభిప్రాయము.

ఇక మన మైదానములలో దీని ఉపయోగమెట్టిదో చూతము. గుంటూరు చేరువన పెదకాకాని మండలములోని ఉప్పలపాడు చెరువులకు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వేలసంఖ్యలో వచ్చి, నీటినడుమ తుమ్మలపై గూళ్లు కట్టుకొనుట ఇరుగుపొరుగు జిల్లాలవారికిని తెలిసినదే. కెమెరా కొన్నవాడు మొదటి ఆదివారము అక్కడికే పోవును. 200 మి.మీ. లెన్సు ఫుల్‌ఫ్రేము కెమెరాపై నున్నపుడు 50 మీటర్ల దూరమున 9 మీటర్ల వెడల్పును చూచును. రెక్కలు పూర్తిగా చాచిన గూడబాతు రెండు మీటర్లకు కొంచెము మించును గనుక అది చట్రములో నాలుగవవంతు మాత్రమే ఆక్రమించును. చిన్న సెన్సారుగల ఏపీఎస్-సీ కెమెరాపై మూడవవంతు. ముక్కు క్రింది సంచిలోని మడతలు కావలెననువానికి ఇది చాలదు. రెండింతలు చేయు టెలికన్వర్టరు తగిలించినచో 400 మి.మీ. వచ్చును గాని ద్వారము ఎఫ్ 5.6 కు పడిపోవును, వివరములోని పదును కొంత తగ్గును. కొన్నదేమో వెలుతురు, దానినే తిరిగి అమ్ముకొనుట యగును. పక్షులే లోకముగా గలవారు 100-400 లేదా 150-600 లెన్సును ఎంచుకొనుట మేలు. అయినను ఒక మినహాయింపు చెప్పవలెను. ప్రొద్దువాలి, ఆకాశమున కాషాయము చల్లారుచుండగా గుంపులు గుంపులుగా పక్షులు చెరువునకు తిరిగివచ్చు నిమిషములలో ఒక్క పక్షికంటె గుంపే అందమైనది. ఆ వేళ పెద్ద లెన్సులవారు సామాను సర్దుకొనుచుండగా ఎఫ్ 2.8 లెన్సు గలవాడు ఇంకొంతసేపు పని చేయగలడు.

ఈ లెన్సునకు తగిన రంగస్థలము, నన్నడిగినచో, ఎద్దుల బండలాగుడు పందెములు. సంక్రాంతికి, తిరునాళ్లకు గుంటూరు, ప్రకాశం పల్లెలలో జరుగు ఈ పోటీలలో ఒంగోలు జాతి గిత్తలను పళ్లనుబట్టి, పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపై సీనియర్లు అని విభాగించి, నియమితకాలములో బండను ఎంతదూరము లాగినవో కొలుతురు. జత మన వైపునకే వచ్చును. నలువది మీటర్ల దూరమున 200 మి.మీ. వద్ద మొదలిడి, అది దగ్గరకు వచ్చిన కొలది జూమును 70 వరకు వెనుకకు త్రిప్పుచు, తాడు దాటకుండ, ఉన్నచోటనే నిలిచి తీయవచ్చును. ఒకే నాభ్యంతరము గల లెన్సు ఎంత గొప్పదైనను ఇచ్చట చేయలేనిపని ఇది. పగటివేళ షట్టరు 1/1000 సెకనుకు తగ్గరాదు. గిట్టలక్రింద లేచు నల్లరేగడి ధూళి అప్పుడే రేణువు రేణువుగా నిలుచును. అయితే ఇచ్చటనొక చిక్కు కలదు. 200 మి.మీ. వద్ద, ఎఫ్ 2.8 తో, 10 మీటర్ల దూరమున స్పష్టముగా నుండు లోతు సుమారు 42 సెంటీమీటర్లే. జతను ఏటవాలుగా తీసినపుడు దగ్గరి గిత్త కన్ను తేటగా నుండి, కాడికి ఆవలి గిత్త ముఖము పొగమంచులో నున్నట్లుండును. వెలుతురున్నంతసేపు ఎఫ్ 5.6 కు దించుకొనవలెను. సీనియర్ల విభాగము ఫ్లడ్‌లైట్లక్రింద రాత్రికి సాగినపుడు మాత్రము ద్వారమును పూర్తిగా తెరచి, ఒక గిత్తకే న్యాయము చేయుదునని నిశ్చయించుకొనవలసియుండును.

రాత్రిదీపములను గూర్చి మరియొక మాట. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది గనుక ట్యూబులైట్లును పెక్కు ఎల్‌ఈడీలును సెకనుకు 100 మారులు హెచ్చి తగ్గుచుండును. షట్టరును 1/100 కంటె వేగముగా నడిపినచో ప్రభపై కొన్ని వరుసలు వెలిగినట్లును కొన్ని ఆరినట్లును, చిత్రమునకు అడ్డముగా నల్లని పట్టీలు పరచినట్లును వచ్చును. 1/100, లేదా 1/50 వద్దనే నిలుచుట క్షేమము. ఇచ్చట స్టెబిలైజేషన్ తన విలువ చూపును. నూరడుగుల ప్రభను ఆపాదమస్తకము పట్టవలెనన్న, 70 మి.మీ. వద్ద కెమెరాను నిలువుగా పట్టి సుమారు 60 మీటర్లు వెనుకకు పోవలెను. ఆ 60 మీటర్లలో ఎందరి తలలుండునో చెప్పనక్కరలేదు గనుక ఏ డాబాయింటివారితోనో సాయంత్రమే మాట్లాడుకొనుట మంచిది. ప్రభలన్నియు ఒకదానికొకటి ఆనుకొని కొండమీదికే ఒరిగినట్లు కనబడు ఫొటోలను చూచి, అది లెన్సు మహిమయని పలువు రందురు. కాదు, అది దూరముయొక్క మహిమ. అంతదూరము పోయి నిలిచినవాడు ఏ లెన్సుతో తీసినను ప్రభలకును కొండకును నడుమ నిష్పత్తి అదియే, లెన్సు చేయునది దానిని పెద్దది చేయుట మాత్రమే.

పెళ్లిండ్ల విషయమున ఎక్కువ చెప్పనక్కరలేదు, ఈ లెన్సులను కొనువారిలో పెక్కుమంది ఆ వృత్తివారే. అర్ధరాత్రి ముహూర్తమున జీలకర్రబెల్లము పెట్టు ఆ కొద్ది క్షణములలో పురోహితుడు, మేనమామ, వీడియోవారు అందరును ముందు నిలుతురు. ఐదు మీటర్ల దూరమునుండి రెండు భుజముల సందున వధువు ముఖమును పట్టవలెను. అంత దగ్గరలో 200 మి.మీ., ఎఫ్ 2.8 కు దక్కు లోతు పది సెంటీమీటర్లకు మించదు. వధువు తేటయై వరుడు మసకయైనచో మగపెళ్లివారు ఊరుకొనరు. తెల్లని లెన్సు చేతనున్న ఫొటోగ్రాఫరునకు బేరమున గౌరవము హెచ్చునన్న మాటయు కలదు. ఆ తెలుపు అలంకారము కాదు. పెద్ద టెలిఫొటోలలో వాడు ఫ్లోరైటు స్ఫటికము వేడికి ఎక్కువ వ్యాకోచించును. ఎండను తిప్పికొట్టుటకై కెనాన్ తన గొట్టములకు తెల్లరంగు పూసినది. రెంటచింతల ఎండలు తెలిసినవారికి దీని యుక్తతను వేరుగా నిరూపింపనక్కరలేదు. అట్లని ఏ తెలుపును ఎండమావులను జయింపలేదు: మిట్టమధ్యాహ్నము కల్లములో ఆరబోసిన మిరపకాయల ఎరుపును దూరమునుండి తీసినచో, నేలమీది వేడిగాలి అలలు లక్షల ఖరీదుగల గాజును సైతము నీటిలో ముంచినట్లు చేయును. ఉదయము ఎనిమిది గంటలలోపల తీయుట, లేదా కల్లము దగ్గరకు నడచి తాలుకాయలు ఏరువారి చెంత నిలుచుట, ఈ రెండే ఉపాయములు.

గుంటూరు మిర్చియార్డులోనికి పోదలచినవాడు ఇంకొక విషయము విచారింపవలెను. జూము లెన్సులు రెండు తెగలు: త్రిప్పినపుడు గొట్టము ముందుకు సాగునవి, లోలోపలనే కటకములు కదలి బయటి పొడవు మారనివి. మొదటి తెగవి సంచిలో ఒదుగును, తేలికగా నుండును. 2019 నాటి కెనాన్ ఆర్ఎఫ్, టామ్రాన్ 70-180 ఈ తెగవే. కాని సాగినప్పుడెల్ల గాలిని లోనికి పీల్చును, టిక్కీలు (మిరప బస్తాలు) దొర్లించుచోట గాలియన్న మిరప ధూళియే. జిన్నింగు మిల్లులోనైనచో దూది నూగు. రబ్బరు బిగింపులు ఉన్నను నేను ఆ పనికి రెండవ తెగనే ఎంచుదును. సోనీ జీఎం అట్టిది. కెనాన్ సయితము 2024లో అట్టిదొకటి మరల తెచ్చినది. యార్డులో లెన్సు మార్చరాదు. ముందు గాజును గుడ్డతో తుడువకముందే ఊదుడు బుడ్డితో ధూళిని ఎగురగొట్టవలెను. లెన్సు తుడిచిన చేతితో కన్ను నలుపుకొన్నవాడు ఆనాటికి ఫొటోలు చాలింపవలసినదే.

కొత్తది కొనలేనివారు పాతదానిని కొనుటలో చిన్నతనమేమియు లేదు. పాత ఎఫ్ 2.8 లెన్సు కొత్త ఎఫ్ 4 ధరకే దొరకుటయు కలదు. చీకటిగదిలో వెనుకనుండి టార్చి వేసి చూడవలెను: సాలెగూటివంటి పోగులు కనబడినచో బూజు పట్టినదని తెలిసికొని లేచి రావలెను. బాపట్ల, చీరాల తీరపు గాలిలో, కార్తికపు తుఫానుల తేమలో, తోలుసంచిలో మూసియుంచిన లెన్సులకు ఈ వ్యాధి తరచుగా వచ్చును. గాలిచొరని డబ్బాలో సిలికాజెల్ పొట్లములతో ఉంచినవాటికి అరుదు. పిమ్మట గోడకు వార్తాపత్రికను అంటించి, 70, 135, 200 మి.మీ. ల వద్ద ద్వారము పూర్తిగా తెరచి తీసి, నాలుగు మూలల అక్షరములను పోల్చవలెను. మూడు మూలలు తేటగా నుండి ఒకటి మసకయైనచో ఆ లెన్సు ఎప్పుడో క్రిందపడినదై యుండవచ్చును. త్రిపాదికి బిగించు పట్టెడ లేకుండ అమ్మువారి వద్ద ధర తగ్గింపుమని నిస్సంకోచముగా అడుగవచ్చును.

అన్నింటికంటె ముందు అద్దెకు తీసికొని చూచుట ఉత్తమము. పెళ్లిండ్ల రోజులలో అద్దె లెన్సు దొరకుట దుర్లభము, దొరకినను యజమాని కన్ను గడియారము మీదనే యుండును. ఆషాఢములోనో మూఢములోనో వెళ్లినచో ముహూర్తములు లేక ఆ లెన్సులు బీరువాలలో పడియుండును గనుక, బేరమాడి వారముదినములు ఉంచుకొని, మీ ఊరి సంతలో సందెవేళ ఆ కిలోన్నర బరువును రెండుగంటలు మెడకు తగిలించుకొని తిరిగి, అటుపిమ్మట ఎఫ్ 2.8 యో ఎఫ్ 4 ఓ తేల్చుకొనవచ్చును.